డబ్బా ధర కాదు, తుపాకీ గొట్టం చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచిక ప్రవాసుల పేజీలో అమెరికాలో జింకల వేట గురించి వచ్చిన వ్యాసం చదివాను. మనవాళ్లలో కొందరు ఇక్కడ వేటకు వెళ్తున్నారని పత్రికలో రావడం సంతోషమే. అయితే అందులో రెండు మాటలు తప్పు. షాట్‌గన్‌తో కొడితే చిన్న గుళ్లు చెదిరి జింక ఒళ్లంతా తూట్లు పడతాయన్నది ఒకటి. షాపులో అన్నిటికంటే ఖరీదైన సాబోట్ స్లగ్గులు (ప్లాస్టిక్ తొడుగున్న ఒంటి గుండు తూటాలు) కొంటే ఏ షాట్‌గన్‌తోనైనా 200 గజాల నుంచి జింకను పడగొట్టవచ్చన్నది రెండోది. మొదటి తప్పు వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. రెండోది నమ్మి ఎవరైనా చేలోకి దిగితే మాత్రం ఆ జింక పొట్టలో గాయంతో రాత్రంతా తిరిగి తిరిగి చస్తుంది. నా కళ్లతో చూశాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది ఖమ్మం జిల్లా. పెళ్లయ్యాక ఒహాయో రాష్ట్రానికి వచ్చి, కొలంబస్‌కు ఉత్తరాన డెలావేర్ కౌంటీలో స్థిరపడ్డాం. ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. మా ఇంటి వెనక సోయా చేను, దాని వెనక ఓక్ చెట్ల తోపు. ఆ చేను రైతు, డెబ్భై దాటిన పెద్దాయన, నాకు వేట నేర్పాడు. ఇప్పుడు కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లకు పెట్టే వేట భద్రత తరగతుల్లో వాలంటీరుగా సాయం చేస్తున్నాను. ఈ మధ్య ఆ తరగతులకు తెలుగు పిల్లలు బాగానే వస్తున్నారు.

ముందు ఈ రాష్ట్రం సంగతి చెప్పాలి. ఒహాయోలో చాలా భాగం చదునైన నేల, చేలు, మధ్య మధ్య ఇళ్లు. చాలా దూరం దూసుకుపోయే రైఫిల్ తూటాలకు ఇక్కడ జింకల వేటలో అనుమతి లేదు. షాట్‌గన్ వాడొచ్చు గానీ, గొట్టానికి ఒకే గుండు లేదా ఒకే స్లగ్ ఉండాలని నిబంధన. అంటే చెదిరే గుళ్ల తూటాతో ఇక్కడ జింకను కొట్టడమే చట్టవిరుద్ధం. స్లగ్ అంటే ఒక్కటే పెద్ద సీసపు ముద్ద. పన్నెండు గేజ్‌లో (గేజ్ అంటే గొట్టం లావు కొలత) మామూలు స్లగ్ ఒక ఔన్సు బరువు, అంటే 28 గ్రాములు. బొటనవేలి గోరంత వెడల్పుంటుంది. 2014 నుంచి తిన్నని గోడల తూటాలు (మెడ దగ్గర సన్నబడని డొక్కుతో, అంత దూరం పోనివి) వాడే రైఫిళ్లను కూడా ఒహాయో అనుమతించింది, చాలామంది వాటికి మారిపోయారు. అయినా తాత తుపాకీ, మామ తుపాకీ అంటూ చేతికొచ్చిన షాట్‌గన్‌తోనే వేట మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనేవి కూడా అవే.

ఇక అసలు విషయం. స్లగ్ ఎంచుకోవడం డబ్బా దగ్గర మొదలు కాకూడదు, తుపాకీ గొట్టం దగ్గర మొదలవ్వాలి. తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకుని, విప్పి, గొట్టం లోపలికి వెలుతురు పట్టి చూడండి. లోపల అద్దంలా నున్నగా ఉంటే అది స్మూత్ బోర్. మెలికలు తిరిగిన గాళ్లు కనిపిస్తే రైఫిల్డ్ బ్యారెల్. రెండింటికీ తినిపించేవి వేరు.

నున్నటి గొట్టానికి ఫాస్టర్ రకం స్లగ్. 1931లో కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ తయారు చేశాడు. ముందు భాగం బరువుగా, వెనక భాగం డొల్లగా ఉంటుంది. బరువు ముందుండడం వల్ల గింగిరాలు తిరగకపోయినా ముక్కు ముందుకు పెట్టుకునే పోతుంది. పైన ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అవి స్లగ్‌ను గిరగిరా తిప్పుతాయని అందరూ అనుకుంటారు గానీ ఆ తిరుగుడు చాలా తక్కువ. గొట్టం మూతిని ఇరుకు చేసే చోక్ అనే భాగం బిగుతుగా ఉంటే ఆ గీతలు నొక్కుకుపోయి స్లగ్ సాఫీగా బయటికి వస్తుంది, వాటి పని అదే. ఇంతకన్నా పాతది జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకే 1898లో చేసిన స్లగ్. దానిది గట్టి సీసం, వెనక వాడ్ (మందుకూ సీసానికీ మధ్య ఉండే బిళ్ల) దానికే బిగించి ఉంటుంది, దూరం పోయాక కూడా ఊడిపోదు. ఎముక తగిలినా లోతుగా దిగుతుంది. ఈ రెండింటిలో ఏదైనా నున్నటి గొట్టానికి పనికొస్తుంది. చోక్ మాత్రం ఇంప్రూవ్డ్ సిలిండర్ లేదా సిలిండర్, అంటే ఇరుకు దాదాపు లేని రకం, పెట్టుకోవాలి. టర్కీ కోళ్ల వేటకు వాడే బాగా ఇరుకు చోక్ తుపాకీ మూతిలోనే మరిచిపోయి స్లగ్ కాల్చవద్దు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ ఫాస్టర్ స్లగ్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రైఫిల్డ్ స్లగ్ అని ఉంటుంది. అది చూసి రైఫిల్డ్ బ్యారెల్ కోసమేనని కొనేస్తారు. గాళ్లున్న గొట్టంలో దాన్ని కాలిస్తే ప్రమాదమేమీ లేదు గానీ, మెత్తటి సీసం ఆ గాళ్లలో పేరుకుపోతుంది, కొన్ని తూటాలకే గురి చెడుతుంది. తర్వాత బ్రష్షు పట్టుకుని గంటలు గంటలు గీకాలి.

గాళ్లున్న గొట్టానికి సాబోట్ స్లగ్. గొట్టం కంటే సన్నని బుల్లెట్‌కు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. గొట్టంలోని గాళ్లు ఆ తొడుగును పట్టి తిప్పుతాయి, మూతి దాటగానే తొడుగు ఊడిపోయి బుల్లెట్ ఒక్కటే బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడే దానికి నిలకడ. సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల వేగం, మంచి స్కోపు, సాధన ఉంటే 150 గజాలు ఫర్వాలేదు. మరి అదే సాబోట్‌ను నున్నటి గొట్టంలో పెడితే? తిప్పేవి ఏవీ లేవు. బుల్లెట్ బయటికి వచ్చి అడ్డదిడ్డంగా పల్టీలు కొడుతుంది. మీ వ్యాసంలో ఈ ఒక్క ముక్క లేదు. ఏ షాట్‌గన్‌తోనైనా అని రాశారు. అక్కడే నా అభ్యంతరం.

హిల్లియర్డ్ వైపు ఉండే ఒక తెలుగు అబ్బాయి మా పొరుగు రైతు చేలో వేటకు అనుమతి అడిగి వచ్చాడు. మంచి పిల్లవాడు, మర్యాదస్తుడు. చేతిలో పాత పన్నెండు గేజ్ పంప్ తుపాకీ, నున్నటి గొట్టం, మూతి మీద గురి చూడడానికి ఒక ఇత్తడి పూస తప్ప ఇంకేమీ లేదు. ఏ స్లగ్ తీసుకోవాలని షాపులో అడిగితే గొట్టం ఏమిటని కూడా అడక్కుండా ఐదు తూటాల సాబోట్ డబ్బా చేతిలో పెట్టారట. అన్నిటికంటే ఖరీదైనదే ఇచ్చారు కదా, ఇదే మంచిదనుకున్నాడు. సాయంత్రం చీకటి పడే ముందు, 80 గజాల దూరంలో ఆడజింక నిలబడితే కాల్చాడు. జింక వీపు వంచుకుని తోపులోకి నడిచిపోయింది. రైతు నాకు ఫోను చేశాడు.

టార్చి పట్టుకుని వెళ్లి చూశాం. ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురు గులాబీ రంగులో నురగగా ఉంటుంది. కాలేయానికి తగిలితే ముదురు ఎరుపు. ఇక్కడ ఎండిన సోయా మొదళ్ల మీద పలచటి తడి, అందులో పచ్చటి నలకలు. వేలికి అద్దుకుని వాసన చూస్తే తెలిసిపోయింది, పొట్టకు తగిలింది. అలాంటప్పుడు వెంట పడితే జింక లేచి మైళ్లు పోతుంది, కాబట్టి వదిలేసి తెల్లవారాక వెళ్లాలి. వెళ్లాం. తోపు అవతల వాగు ఒడ్డున దొరికింది. అప్పటికే కొయొటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) వెనక భాగం తినేశాయి. మాంసం ఒక్క ముక్క పనికి రాలేదు. ఆ అబ్బాయి దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత మా రైతు ఆ అబ్బాయిని చేను గట్టు దగ్గరికి తీసుకెళ్లి, మట్టి కట్ట ముందు అట్టముక్కకు పేపర్ ప్లేట్లు అంటించాడు. 50 గజాల నుంచి, ఇసుక సంచి మీద ఆనించి, డబ్బాలో మిగిలిన సాబోట్లు కాల్పించాడు. ప్లేటుకు ఒక్కటి తగిలింది. ఆ రంధ్రం గుండ్రంగా లేదు, తాళంచెవి రంధ్రంలా సాగి ఉంది. బుల్లెట్ అడ్డంగా తిరిగి తగిలిందన్నమాట. మిగతావి ప్లేటు బయట ఎక్కడో అట్టను చీల్చాయి. చోక్ మార్చి, సాబోట్ డబ్బా ధరలో సగం కూడా పెట్టక్కర్లేని మామూలు ఒక ఔన్సు ఫాస్టర్ స్లగ్గులు ఇచ్చాడు. అదే తుపాకీ, అదే అబ్బాయి. మూడూ ప్లేటులో పడ్డాయి, మూడు రంధ్రాలూ గుండ్రంగా ఉన్నాయి.

ఆ పేపర్ ప్లేటు ఊరికే పెట్టింది కాదు. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. ముందు కాలు వెనకగా, ఛాతీ కింది సగంలో ఉంటుంది. చిన్న పేపర్ ప్లేటు అంత. ఎంత దూరం నుంచి మీ తూటాలన్నీ తప్పకుండా ఆ ప్లేటులో పడతాయో అదే మీ దూరం. డబ్బా మీద ఎంత రాసి ఉన్నా, యూట్యూబ్‌లో ఎవరెంత దూరం కొట్టినా దానితో మీకు పని లేదు. ఇత్తడి పూసతో గురి చూసేవాళ్లకు 50 గజాలు దాటకపోవడమే మంచిది. ముందూ వెనకా గురి గుర్తులుగానీ స్కోపుగానీ ఉంటే ఫాస్టర్ స్లగ్‌తో 75 గజాలు, చేయి తిరిగినవాళ్లకు 100. అంతకు మించి వద్దు. మొదట సెకనుకు 1,600 అడుగుల వేగంతో బయల్దేరిన ఆ సీసపు ముద్ద 100 గజాలకు వచ్చేసరికి సుమారు 1,000 అడుగులకు పడిపోతుంది. 50 గజాలకు గురి సరిచేస్తే 100 దగ్గర ఐదారు అంగుళాలు కిందికి జారుతుంది. ఎనిమిది అంగుళాల ప్లేటులో అది ఎంత తేడానో చూసుకోండి.

ఇంకో మాట. ఇసుక సంచి మీద కాల్చినట్టు చెట్టుకు ఆనుకుని, దళసరి కోటు వేసుకుని, చలికి చేతులు వణుకుతుంటే కాల్చలేం. అందుకే గురి సరిచేశాక, వేటలో కూర్చునే పద్ధతిలోనే కూర్చుని, అదే కోటుతో మళ్లీ కాల్చి చూడమని నేను మా తరగతుల్లో ప్రతిసారీ చెబుతాను. వినేవాళ్లు తక్కువ. స్లగ్గులు ఖరీదు కదా అంటారు. కాగితం మీద ఖర్చు చేయడానికి మనసొప్పని తూటాను ప్రాణి మీద ఖర్చు చేయడం నాకు నచ్చదు.

సాబోట్లలోనూ అన్నీ అన్ని తుపాకుల్లో ఒకేలా పడవు. నాది ఇరవై గేజ్ బోల్ట్ యాక్షన్, గాళ్ల గొట్టం. అందులో ఒక కంపెనీ 250 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) సాబోట్ 100 గజాల దగ్గర మూడూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడతాయి. ఇంకో కంపెనీది, అదే బరువు, దాదాపు అదే వేగం, ప్లేటు అంచులు దాటిపోతుంది. పక్క ఊరి స్నేహితురాలి దగ్గర అచ్చం నా మోడల్ తుపాకీయే ఉంది. నేను వదిలేసిన తూటాలే ఆమెకు చక్కగా పడతాయి. కాబట్టి ఫలానా బ్రాండు మంచిదని నేను ఎవరికీ చెప్పను. రెండు మూడు రకాలు ఒక్కో డబ్బా కొని, గొట్టం చల్లారనిస్తూ కాల్చి చూసి, కుదిరిన రకం సీజను మొత్తానికి కొనుక్కోండి.

ఇరవై గేజ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో అది పిల్లలకూ ఆడవాళ్లకూ అన్నట్టు ఒక వాక్యం ఉంది. గేజ్ అంటే ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్లు ఎన్ని వస్తాయన్న లెక్క. పన్నెండు వస్తే పన్నెండు గేజ్, ఇరవై వస్తే ఇరవై. అంకె పెరిగితే గొట్టం సన్నం. పన్నెండు గేజ్ స్లగ్ భుజానికి కొట్టే దెబ్బ చిన్నది కాదు. బలమైన మగవాళ్లు కూడా రెండు మూడు తూటాల తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం రేంజిలో నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. కళ్లు మూసుకుని కాల్చిన పన్నెండు గేజ్ కన్నా కళ్లు తెరిచి కాల్చిన ఇరవై గేజ్ జింకను త్వరగా చంపుతుంది. మంచి సాబోట్‌తో 100 గజాల లోపు జింకకు దాని శక్తి చాలు. ఇక్కడ కొమ్ములు తిరిగిన వేటగాళ్లు చాలామంది ఇరవైకి మారారు, ఎవరూ సిగ్గుపడడం లేదు.

ఇంట్లో రెండు గేజ్‌లూ ఉన్నవాళ్లు ఒక్క విషయం ప్రాణంలా గుర్తుపెట్టుకోవాలి. ఇరవై గేజ్ తూటా డొక్కు పసుపు రంగులో చేసేది ఊరికే కాదు. అది పొరపాటున పన్నెండు గేజ్ తుపాకీలో పడితే వెనక నిలవకుండా ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీ అనుకుని దాని వెనక పన్నెండు గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పేలిపోతుంది, చేయి పోతుంది. కోటు జేబులో రెండు రకాలూ కలిపి వేసుకోవద్దు. అలాగే గొట్టం మీద రెండు ముప్పావు అంగుళాలు అని ముద్ర ఉంటే మూడు అంగుళాల తూటా పెట్టవద్దు.

సీసం విషయం నేను ల్యాబులో పని చేస్తాను కాబట్టి ఎక్కువ పట్టించుకుంటానేమో. 2022లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 38 రాష్ట్రాల్లో 1,210 బాల్డ్ ఈగిల్, గోల్డెన్ ఈగిల్ పక్షులను పరీక్షిస్తే సగానికి దగ్గరగా వాటి ఎముకల్లో సీసం పేరుకుని ఉంది. వేటగాళ్లు చేలో వదిలేసే పేగుల కుప్పల్లో ఉండే సీసం ముక్కలు దానికి ఒక ముఖ్య కారణం. నేను రాగి బుల్లెట్ సాబోట్‌కు మారాను. ఖరీదు ఎక్కువే, నా తుపాకీకి కుదిరింది. కుదరనివాళ్లు పేగులను గుంట తీసి పూడ్చినా కొంత మేలు. మాంసంలోనూ గాయం చుట్టూ జానెడు మేర కోసి పారేయండి. జింక కొవ్వు కూడా తీసేయాలి, చల్లారితే అంగిట్లో అంటుకుంటుంది. మిగిలిన కండ గోంగూరతో వండితే మా ఇంట్లో గిన్నె ఖాళీ.

వీసాల మీద ఉన్నవాళ్లకు ఒక మాట. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు. దీనివల్ల కొందరు తుపాకీ కొనుక్కోవడానికే లైసెన్సు తీసుకుంటున్నారు, తర్వాత సరదాకి ఒక శనివారం చేలోకి దిగుతున్నారు. కాగితం మీద ఒక్క తూటా కాల్చకుండా! లైసెన్సు గడువు తీరిపోతే ఆ తుపాకీ ఇంట్లో ఉండడమే నేరం అవుతుందని కూడా చాలామందికి తెలియదు. మన ఊళ్లలో ఈ ఉత్తరం చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ జింకల వేట నేరం, అలాగే ఉండాలి.

జింకను చంపడమే పాపం కదా, ఇందులో మంచి పద్ధతి చెడ్డ పద్ధతి ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. మా అమ్మ అడిగింది. ఒహాయోలో 1904 నాటికి జింకలు పూర్తిగా కనుమరుగయ్యాయి. మళ్లీ పెంచి కాపాడుకుని, 1943లో మూడే మూడు కౌంటీల్లో వేట తెరిచారు, ఆ ఏడు 168 జింకలు పడ్డాయి. ఇవాళ 88 కౌంటీల్లోనూ ఉన్నాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడుతున్నాయి, పంటలు మేస్తున్నాయి, తోడేళ్లు లేవు. వేట ఇష్టం లేనివాళ్లను నేను వెళ్లమనను. వెళ్లేవాళ్లు మాత్రం ఆ ప్రాణి నిమిషంలో పోయేలా చూడాలి. అది వాళ్ల చేతిలో ఉన్న పని. తుపాకీ, తూటా, దూరం, మూడూ ముందే తెలిసి ఉండాలి.

ఒహాయోలో తుపాకీ వారం థ్యాంక్స్‌గివింగ్ పండుగ (నవంబరు నాలుగో గురువారం) తర్వాతి సోమవారం మొదలవుతుంది. మా కౌంటీలోనే డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో ప్రభుత్వ షూటింగ్ రేంజి ఉంది, చిన్న రుసుముతో పర్మిట్ తీసుకుని ఎవరైనా కాల్చుకోవచ్చు. చెవులకూ కళ్లకూ రక్షణ, ఒక ప్యాకెట్ పేపర్ ప్లేట్లు తీసుకెళ్లండి. ఈ దిద్దుబాటును ఆ సోమవారానికి కనీసం రెండు మూడు వారాల ముందు, వ్యాసం వేసిన ఆ పేజీలోనే వేయాలని కోరుతున్నాను. సీజను మొదలయ్యాక వేస్తే రేంజికి వెళ్లే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డెలావేర్ కౌంటీ, ఒహాయో